తండ్రి నేర్పిన అక్షరం... కూతురు నడిచిన దారి

కిందటి కార్తీకమాసంలో మా ఇంట్లో చిన్న రభస జరిగింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి సోమవారం ఉపవాసం ఉండనంది. నమ్మకం లేకుండా కడుపు మాడ్చుకోవడం నటన కాదా అని దాని వాదన. మా అత్తగారు దాన్ని ఒక్క మాట కూడా అనలేదు. చదివించింది నువ్వేగా అన్నట్టు నావైపో చూపు చూసి దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు. ఇద్దరి మధ్యా నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. అత్తగారి బాధ అబద్ధం కాదు. పిల్ల మాటలోనూ అబద్ధం లేదు.

ఆ రాత్రి పాలు తోడుపెడుతూ ఆలోచించాను. పిల్లలకి మనం నమ్మకాలూ ఇస్తాం, ఆలోచించడమూ నేర్పుతాం. నేర్పిన ఆ ఆలోచనే రేపు మన నమ్మకాన్ని ప్రశ్నిస్తే ఏం చెయ్యాలి? అప్పుడు నాకు పండిత రమాబాయి గుర్తొచ్చింది. వితంతువుల కోసం శారదా సదనం పెట్టిన విదుషీమణి అని స్కూలు పుస్తకంలో రెండు ముక్కలు చదువుకున్నాం కదా, ఆవిడే. ఆ రెండు ముక్కల వెనక మూడు తరాల కథ ఉంది. అది రమాబాయితో మొదలు కాలేదు. ఆమె తండ్రితో మొదలైంది.

పీష్వా భవనంలో విన్న శ్లోకం

తండ్రి పేరు అనంతశాస్త్రి డోంగ్రే. మంగుళూరు ప్రాంతంలో స్థిరపడిన చిత్పావన బ్రాహ్మణ కుటుంబం. సంస్కృతం నేర్చుకోవడానికి కుర్రతనంలో పూనా వెళ్ళాడు. అప్పటికింకా పీష్వాల పాలన ముగియలేదు. ఆయన గురువు రెండో బాజీరావు భవనంలో ఒక రాణిగారికి సంస్కృతం చెప్పేవారు. గురువు వెంట వెళ్ళిన ఈ శిష్యుడి చెవిన ఒకరోజు ఆమె చదువుతున్న శ్లోకాలు పడ్డాయి. ఆడమనిషి నోట సంస్కృత శ్లోకమా అని ఆశ్చర్యపోయాడు. పెళ్ళయ్యాక నా భార్యకీ చదువు చెబుతాను అని ఆ రోజే మనసులో అనుకున్నాడట.

చదువు ముగించుకుని ఇంటికొచ్చి ఆ పని మొదలుపెడితే ఇంటిల్లిపాదీ ఎదురు తిరిగారు. ఆ భార్యకి కూడా చదువు మీద మనసు లేదు. చేసేది లేక ఊరుకున్నాడు. కొన్నేళ్ళకి ఆమె పోయింది.

తర్వాత తీర్థయాత్రకి వెళ్ళినప్పుడు, మన గోదావరే పైన మహారాష్ట్రలో ప్రవహించే చోట, పైఠాన్‌లో స్నానానికి దిగాడు. అక్కడ ఇద్దరు ఆడపిల్లలతో యాత్రకొచ్చిన మరో బ్రాహ్మణుడు పరిచయమయ్యాడు. మాటామాటా కలిసింది. మర్నాటికల్లా ఆ తండ్రి తొమ్మిదేళ్ళ పెద్దకూతుర్ని నలభై దాటిన ఈ శాస్త్రిగారికిచ్చి పెళ్ళి చేసి, తన దారిన తాను వెళ్ళిపోయాడు. ఎవరి చెయ్యి పట్టుకుందో, ఏ దేశం పోతోందో తెలియని ఆ పిల్లే లక్ష్మీబాయి, రమాబాయి తల్లి.

చదువుతుంటే మనకి ఒళ్ళు మండుతుంది. ఆడదానికి చదువుండాలని పంతం పట్టిన మనిషికి తొమ్మిదేళ్ళ పిల్లని కట్టుకోవడం తప్పనిపించలేదు! విలువలు ఒక తరంలో అలాగే ఉంటాయి కాబోలు. ఒక కన్ను తెరుచుకుంటుంది, రెండోది మూసుకునే ఉంటుంది.

అయితే ఈసారి శాస్త్రిగారి పంతం నెగ్గింది. లక్ష్మీబాయి చురుకైన పిల్ల. అమరకోశం నుంచి కావ్యాల దాకా భర్త దగ్గర నేర్చుకుంది. ఊరు ఊరుకుంటుందా? ఆడదానికి దేవభాష చెబుతున్నాడని పెద్దలు గోల చేశారు. శాస్త్రిగారిని ఉడుపిలో పండిత సభకి పిలిపించి సంజాయిషీ అడిగారు. ఆయన తాళపత్రాలన్నీ తిరగేసి, స్త్రీలు సంస్కృతం చదువుకోవచ్చనడానికి శాస్త్రాల్లోంచే ఆధారాలు చూపించాడు. ఒక్క వేదాలు మాత్రం కూడదన్నాడు. ఆ గీత ఆయన కూడా దాటలేదు. దాటవచ్చన్న ఊహే ఆయనకి వచ్చి ఉండదు. ఈ గీతని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

అడవిలో పుట్టిన పిల్ల

ఊళ్ళో మాటలు పడలేక శాస్త్రిగారు పడమటి కనుమల్లో గంగామూల అనే అడవి చోటికి సంసారం మార్చేశాడు. శిష్యులకి అక్కడే తిండి పెట్టి, అక్కడే చదువు చెప్పేవాడు. 1858 ఏప్రిల్ 23న రమాబాయి ఆ అడవిలోనే పుట్టింది. ఆమెకి కృష్ణాబాయి అనే అక్క, శ్రీనివాసశాస్త్రి అనే అన్న ఉన్నారు.

వచ్చేపోయే యాత్రికులకి, శిష్యులకి పెట్టీ పెట్టీ ఉన్నదంతా కరిగిపోయింది. రమాబాయికి ఆరు నెలలు నిండేసరికి కుటుంబం దేశం మీద పడింది. పసిపిల్లని బుట్టలో పెట్టి మోసుకుంటూ పుణ్యక్షేత్రాలు తిరిగారు. గుళ్ళలో పురాణం చదవడం, భక్తులు ఇచ్చింది తీసుకోవడం, అదే జీవనం.

రమ అక్షరాలు నేర్చే వయసుకి తండ్రి ముసలివాడైపోయాడు. చదువు చెప్పింది తల్లే. ఇంకా చీకటి ఉండగానే, ఇంటిపని మొదలుకాక ముందే, నిద్రమత్తులో ఉన్న పిల్లని ఒళ్ళోకి లాక్కుని ముద్దుచేస్తూ శ్లోకాలు వల్లె వేయించేది. పన్నెండేళ్ళు వచ్చేసరికి రమకి భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలూ కంఠతా వచ్చాయంటారు. తండ్రి కన్న కలని తల్లి తెల్లవారుజామున పనిలో పనిగా నెరవేర్చింది. రమాబాయి తర్వాత ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని అంకితమిచ్చింది ఈ తల్లికే.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. కృష్ణాబాయికి మాత్రం చిన్నప్పుడే పెళ్ళి చేసేశారు. అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని చదివిద్దామనుకున్నాడు శాస్త్రిగారు. ఆ కుర్రాడికి చదువంటలేదు. ఇంట్లోంచి పారిపోయాడు, జులాయిగా తిరిగాడు. చివరికి పెళ్ళాన్ని పంపమని కోర్టుకెక్కాడు. ఆ పిల్ల బతుకు నలిగిపోయింది. ఆ దెబ్బతో శాస్త్రిగారు రెండో కూతురికి చిన్నతనంలో పెళ్ళి తలపెట్టలేదు. లోకం కాకుల్లా పొడిచినా పట్టించుకోలేదు. రమాబాయికి దొరికిన స్వేచ్ఛ, నిజం చెప్పాలంటే, అక్క కన్నీళ్ళతో కొన్నది. మన ఇళ్ళల్లో మాత్రం తేడానా? పెద్దకూతురి విషయంలో చేసిన పొరపాటే కదా చిన్నకూతురికి దారి ఇచ్చేది!

కరువు నేర్పిన పాఠం

1874 నాటికి దక్షిణాది కరువులో చిక్కుకుంది. తిండిగింజలకే లేని రోజుల్లో పురాణం విని దక్షిణ ఇచ్చేదెవరు? శాస్త్రిగారి కుటుంబానికి పురాణం చెప్పడం తప్ప మరో పని రాదు. కూలికి వెళ్ళడం తమ పుట్టుకకి తగదని నమ్మకం. ఉన్న నగా నట్రా, చెంబూ తప్పేలా అమ్ముకుని పూజలూ వ్రతాలూ చేశారు, దానాలిచ్చారు. దేవుడు చూడకపోతాడా అని ఎదురుచూశారు.

చివరి గింజలు కూడా అయిపోయాక, అయినవాళ్ళ ముందు చెయ్యి చాచడం కంటే చావడం మేలని అడవిలోకి వెళ్ళారు. పదకొండు రోజులు నీళ్ళు, ఆకులు, కాసిని అడవి ఈతపళ్ళతో ప్రాణాలు నిలుపుకున్నారు. నీళ్ళల్లో దిగి ప్రాణం విడుద్దామనుకున్నాడు తండ్రి. అప్పుడు కొడుకు, నేను కూలి చేసి పోషిస్తానని అడ్డుపడ్డాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ముందు తండ్రి, కొద్ది వారాలకే తల్లి పోయారు. జ్వరంలో ఉన్న తల్లి తిండి కోసం తపించిపోతుంటే రమాబాయి ఒక ఇంటి గడప ముందు నిలబడింది. అడగడానికి నోరు పెగల్లేదు. కళ్ళనీళ్ళు చూసి ఆ ఇంటావిడే ఒక రొట్టె ఇచ్చింది. ఆ రొట్టె తల్లి గొంతు దిగలేదు.

పాడె మొయ్యడానికి తగినంతమంది రాలేదు. పిల్లలే మోశారు. పొట్టిగా ఉన్న రమ తన వైపు పాడెని తల మీద పెట్టుకుని నడిచింది. ఆడపిల్ల శ్మశానానికి వెళ్ళకూడదన్న నియమం ఆరోజు ఎవరికి గుర్తుంటుంది? కొన్ని నెలలకి కృష్ణాబాయిని కూడా కలరా తీసుకుపోయింది.

మిగిలిన అన్నాచెల్లెళ్ళు కాలినడకన దేశమంతా తిరిగారు, కాశ్మీరు దాకా వెళ్ళారు. చలికి తట్టుకోలేక జీలం నది ఒడ్డున ఇసకలో గుంట తవ్వుకుని, మెడ దాకా ఇసక కప్పుకుని పడుకున్న రాత్రులున్నాయి. చేసిన వ్రతాలు, మునిగిన తీర్థాలు ఏమయ్యాయన్న ప్రశ్న ఈ నడకలోనే పుట్టింది. శాస్త్రం అన్ని నియమాలూ పాటించిన నాన్నని ఎందుకు కాపాడలేదు? ఇది పుస్తకం చదివి తెచ్చుకున్న అనుమానం కాదు, ఆకలిలోంచి పుట్టింది.

దానితోపాటే ఇంకొక విలువ కూడా ఆమెలో గట్టిపడింది. రెక్కలాడించి బతకడంలో సిగ్గులేదు. పని రాకపోవడమే ప్రమాదం. తండ్రికి లేని ఈ నమ్మకం ఆమె తర్వాత చేసిన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది.

ఆ గీత దాటిన రోజు

1878లో అన్నాచెల్లెళ్ళు కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ళ పెళ్ళికాని పిల్ల అనర్గళంగా సంస్కృతం మాట్లాడుతుంటే పండితులు విస్తుపోయారు. సభ పెట్టి పరీక్షించి పండిత, సరస్వతి అన్న బిరుదులిచ్చారు. ఒక స్త్రీకి ఆ గౌరవం అపూర్వం.

ఆ రోజుల్లోనే బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఆమె చేతికి వేదగ్రంథం ఇచ్చాడు. చదవమన్నాడు. ఆమె వెనకాడింది. స్త్రీలు వేదం ముట్టకూడదని కదా నాన్న చెప్పింది! ఊరందరినీ ఎదిరించి తనకి చదువు దక్కేలా చేసిన నాన్న గీసిన గీత అది. దాన్ని దాటడం అంటే ఊరివాళ్ళ మాట తోసెయ్యడమంత తేలిక కాదు. కొంతకాలానికి ఆ పుస్తకం తెరిచింది. చదివింది. తండ్రి ఇచ్చిన చదువే తండ్రి గీతని దాటించింది.

1880లో అన్న శ్రీనివాసశాస్త్రి ఢాకాలో చనిపోయాడు. ఆ ఏడాదే ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ వకీలుని రిజిస్టర్ పెళ్ళి చేసుకుంది. కులం వేరు, భాష వేరు. చిత్పావన పండితుడి కూతురు కాయస్థుణ్ణి చేసుకోవడం అప్పట్లో ఎంత అల్లరో ఊహించుకోండి. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది ఆ మరుసటి ఏడాదే, 1881 డిసెంబరులో. కాలం అలాంటిది.

1881 ఏప్రిల్‌లో కూతురు పుట్టింది. మనోరమ అని పేరు పెట్టుకున్నారు. పది నెలలు తిరగకుండానే, 1882 ఫిబ్రవరిలో, భర్త కలరాతో చనిపోయాడు. ఇరవైమూడేళ్ళ రమాబాయి చంటిపిల్లతో వితంతువుగా మిగిలింది.

పరాయి గడ్డ మీద

పూనా వచ్చిన రమాబాయికి రానడే దంపతులు అండగా నిలబడ్డారు. ఆర్య మహిళా సమాజం స్థాపించింది. స్త్రీధర్మనీతి అన్న పుస్తకం రాసింది. విద్య మీద విచారణకొచ్చిన హంటర్ కమిషన్ ముందు సాక్ష్యమిస్తూ, ఆడపిల్లలకి పాఠాలు చెప్పడానికి స్త్రీలే ఉండాలని, స్త్రీలకి వైద్యం చెయ్యడానికి స్త్రీ డాక్టర్లు కావాలని వాదించింది. తానూ డాక్టరు కావాలన్న ఆశతో 1883లో కూతుర్ని తీసుకుని ఇంగ్లండు వెళ్ళింది. అయితే వినికిడి తగ్గిపోతుండటంతో వైద్య విద్య ఆశ తీరలేదు.

వాంటేజ్ అన్న ఊళ్ళో క్రైస్తవ సన్యాసినుల దగ్గర ఉంటూ, అదే ఏడాది సెప్టెంబరులో తానూ, రెండేళ్ళ మనోరమా బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఇక్కడ పూనా గుండె పగిలింది. మమ్మల్ని మోసం చేసిందన్నారు కొందరు. ఆమెని ఆదరించిన వాళ్ళూ నొచ్చుకున్నారు. ఆ నొప్పిని మనం తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. పరాయి పాలనలో ఉన్న జాతికి పాలకుల మతంలోకి తన బిడ్డ వెళ్ళడం ఓటమిలా అనిపించడం సహజం.

అయితే అక్కడి పెద్దలకీ రమాబాయి కొరకరాని కొయ్యే అయింది. గుడ్డు వేసిన వంటకం కూడా ముట్టనంది, జీవితాంతం శాకాహారిగానే ఉంది. చెప్పిన సిద్ధాంతాలన్నీ కళ్ళు మూసుకుని ఒప్పుకోనంది. చెల్టెన్‌హామ్ కాలేజీలో చదువుకుంటూ సంస్కృతం చెబుతున్నప్పుడు, ఆమె మగపిల్లలకి పాఠం చెప్పడం తగదని చర్చి పెద్దలు అభ్యంతరపెట్టారు. ఇక్కడ పురోహితుల పెత్తనం దించుకున్నది అక్కడ ఇంకొకరి పెత్తనం ఎత్తుకోవడానికా? ఆ సంగతి ఆమె వాళ్ళ మొహానే ఉత్తరాల్లో రాసింది.

అన్నిటికన్నా పెద్ద తగువు మనోరమ గురించి వచ్చింది. ఆ పసిదాన్ని ఎవరు పెంచాలి, ఎలా పెంచాలి? ఇంగ్లండులోనే తమ పద్ధతిలో పెంచుతామన్నారు సన్యాసినులు. తనకే నమ్మకం కుదరని విషయాలు పిల్లకి బట్టీ పట్టించవద్దంది తల్లి. నా కూతురు తన దేశంలో, తన వాళ్ళ మధ్య పెరగాలంది. తాను మతం మారినా కూతురు పరాయిది కాకూడదన్న తపన! ఎప్పుడో అనంతశాస్త్రి పడ్డ తపనే, కాకపోతే ఇప్పుడు ఆ తండ్రి స్థానంలో తను నిలబడింది.

1886లో అమెరికా వెళ్ళింది. ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషీ డాక్టరు పట్టా పుచ్చుకుంటుంటే కళ్ళారా చూడటానికి మొదలుపెట్టిన ఆ ప్రయాణం రెండేళ్ళకి పైగా సాగింది. 1887లో భారతదేశపు అగ్రవర్ణ స్త్రీల దుస్థితి గురించి ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించింది. అమెరికా స్త్రీలు కదిలిపోయి బోస్టన్‌లో ఆమె పేరున సంఘం పెట్టారు. పదేళ్ళపాటు ఒక వితంతు పాఠశాల నడపడానికి డబ్బు పంపుతామని మాటిచ్చారు. అక్కడ మత బోధ ఉండకూడదన్నది ఒప్పందం.

తలుపు తెరిచి ఉంచితే తప్పా?

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనం మొదలైంది. మర్నాటేడే దాన్ని పూనాకి మార్చారు. అక్కడ చదివిన మొదటి వితంతు విద్యార్థిని గోదూబాయి. తర్వాత ధోండో కేశవ కార్వేని పెళ్ళి చేసుకుని ఆనందీబాయి కార్వే అయింది ఈమే. ఆ కార్వేగారే స్త్రీల విశ్వవిద్యాలయం పెట్టిన మహర్షి కార్వే. జుట్టు తీయించి మూలన కూర్చోబెట్టిన పిల్లలు ఆ సదనంలో పలకలు పట్టారు, తోటపని చేశారు, నవ్వారు. ఎవరి ఆచారం వాళ్ళు పాటించుకునే వీలుంది. పూజలు చేసుకునేవాళ్ళు చేసుకున్నారు, మడి కట్టుకునేవాళ్ళు కట్టుకున్నారు.

రమాబాయి తన గదిలో తను ప్రార్థన చేసుకునేది. తలుపు తీసే ఉండేది. కొందరు పిల్లలు వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. రమ్మని పిలవలేదు, వస్తే పొమ్మనలేదు. 1893లో ఈ సంగతి పొక్కి పూనా భగ్గుమంది. తిలక్ గారి కేసరి పత్రిక నిప్పులు చెరిగింది. రానడే, భాండార్కర్ లాంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. ఇరవైమందికి పైగా పిల్లల్ని పెద్దవాళ్ళు వచ్చి తీసుకుపోయారు.

ఎవరిది తప్పు? నేను చాలాసార్లు ఆలోచించాను. తన నమ్మకాన్ని దాచుకుని బతకడం రమాబాయికి చేతకాదు. తండ్రి దగ్గర నేర్చుకున్నది అదే. కానీ తిండి, గుడ్డ, చదువు, ప్రేమ అన్నీ ఒకరి దగ్గరే దొరుకుతున్నప్పుడు, ఆ మనిషి గది తలుపు తెరిచి ఉంటే, లోపలికి వెళ్ళని పసిమనసు ఉంటుందా? పిల్లల్ని నమ్మి పంపిన తల్లిదండ్రుల భయంలో న్యాయం లేదనలేం. వాళ్ళ భయానికి న్యాయం ఉందని, ఆ వితంతువుల్ని మళ్ళీ చీకటి గదుల్లోకి నెట్టడం న్యాయమైపోదు కదా! తీసుకుపోయిన పిల్లల్లో ఎంతమందికి మళ్ళీ పుస్తకం దొరికిందో ఎవరు అడిగారు?

ముక్తి

1896–97లో మధ్యపరగణాల్లో కరువొచ్చింది. ఆ వార్త వినగానే రమాబాయికి అడవి, తండ్రి, ఆ రొట్టె గుర్తొచ్చి ఉండవా? స్వయంగా బయల్దేరి వెళ్ళి, ఎముకల గూళ్ళలా ఉన్న ఆడపిల్లల్ని వందలమందిని వెంటబెట్టుకొచ్చింది. పూనాకి దగ్గర్లో కేడ్‌గావ్‌లో కొన్న పొలంలో వాళ్ళకి నీడ కల్పించింది. అదే ముక్తి సదనం. 1900 కరువులో గుజరాత్ నుంచి ఇంకెందరో వచ్చారు. ఆ సమయానికి అక్కడ దాదాపు 1500 మంది ఉన్నారు.

కులం అడగలేదు. నేత, కుట్టు, గానుగ, పాడి, వ్యవసాయం, అచ్చుపని, వీటిలో ఏదో ఒక చేతిపని వచ్చి తీరాలి. చూపులేని వాళ్ళకి బ్రెయిలీ నేర్పించారు. మోసపోయి వీధినపడ్డ ఆడవాళ్ళకి కృపాసదనం అని విడిగా పెట్టింది. పురాణం తప్ప మరో పని రాక ఆకలితో పోయిన నాన్నకి ఇంతకన్నా మంచి తద్దినం ఎవరు పెట్టగలరు అనిపిస్తుంది నాకు.

బోస్టన్ వాళ్ళ పదేళ్ళ గడువు 1898లో ముగిశాక సంస్థ పూర్తిగా క్రైస్తవ సంస్థ అయింది. ఆమె మీద అదొక విమర్శగా ఇప్పటికీ ఉంది. తను ఎంతో ఘర్షణపడి, ఎంతో వెతికి ఎంచుకున్న దారి, అక్కడికొచ్చిన పిల్లలకి రెడీమేడ్‌గా దొరికింది. తనకి దొరికిన ఆ వెతుకులాట వాళ్ళకి దొరకలేదు. పిల్లల్ని పెంచే ప్రతివాళ్ళకీ ఎదురయ్యే చిక్కే ఇది. మనం పడ్డ కష్టం వాళ్ళు పడకూడదని దారి మనమే వేసేస్తాం. నడక వాళ్ళదేనని మరచిపోతాం.

మనోరమ

ఇక మూడో తరం. బెంగాలీ తండ్రి, మరాఠీ తల్లి, ఇంగ్లీషు సన్యాసినుల పెంపకం కొన్నాళ్ళు, వితంతు పిల్లల మధ్య బాల్యం, ఆ తర్వాత అమెరికాలో చదువు. మనోరమ అలా పెరిగింది. తాతగారి అడవికీ ఈ పిల్ల చూసిన లోకానికీ ఎంత దూరమో! తిరిగొచ్చి బి.ఏ. పట్టా పుచ్చుకుంది. శారదా సదనం ప్రిన్సిపాలుగా పిల్లలకి చదువు చెప్పింది. తల్లికి చెవులు సరిగా వినపడకపోతే తానే చెవులైంది, సంస్థకి కుడిభుజమైంది. అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న గుల్బర్గాలో ఆడపిల్లల కోసం బడి పెట్టింది. పెళ్ళి చేసుకోలేదు.

తాత దారిని అమ్మ విడిచింది. అమ్మ దారిని కూతురు విడవలేదు. ఇష్టపడే విడవలేదా, అంత పెద్ద చెట్టు నీడలోంచి బయటికి రావాలన్న ఊహే రాలేదా? ఆ సంగతి ఆమె మనసుకే తెలియాలి. ఎదురు తిరిగితేనే సొంత వ్యక్తిత్వం ఉన్నట్టని మనం అనుకోనక్కర్లేదు. తెలిసి కొనసాగించడమూ ఎంచుకోవడమే. కాకపోతే ఎంచుకునే వీలు నిజంగా ఉందా అన్నది పెద్దవాళ్ళు తమని తాము అడుగుకోవాల్సిన ప్రశ్న.

పిల్లలు ముందుపోకూడదంటారు. 1921 జూలైలో మనోరమ నలభై ఏళ్ళకే కన్నుమూసింది. తన తర్వాత అన్నీ చూసుకుంటుందనుకున్న ఒక్కగానొక్క కూతురు. రమాబాయి పక్క మీద పడిపోలేదు. పెద్దవయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మామూలు ఆడవాళ్ళకి అర్థమయ్యే మరాఠీలో బైబిలు అనువాదం అప్పటికే మొదలుపెట్టి ఉంది. దాన్ని ముక్తిలోని స్త్రీలే టైపు కూర్చి అచ్చువేశారు. ఆ పని పూర్తి చేసి, 1922 ఏప్రిల్ 5న ఆమె కూడా వెళ్ళిపోయింది. మూలభాష నేర్చుకుని గ్రంథాన్ని స్వయంగా చదవాలి, అది ఆడవాళ్ళకి అందాలి. ఈ పట్టుదల ఎక్కడిది? పేరు మారింది, గ్రంథం మారింది. పట్టుదల మాత్రం అచ్చంగా అనంతశాస్త్రి గారిదే.

1989లో మన ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. ఒకప్పుడు వెలివేసినంత పని చేసిన సమాజమే తర్వాత తన బిడ్డ అని చెప్పుకుంది. అదీ తరాల తేడానే.

ఈ కథంతా ఒకరోజు మధ్యాహ్నం మా అత్తగారికి చెప్పాను. బియ్యం ఏరుకుంటూ విన్నారు. మతం మారడం దగ్గర మొహం చిట్లించారు. తల్లి పాడె మోసిన చోట ఆగి కళ్ళు తుడుచుకున్నారు. అంతా అయ్యాక ఆమె అడిగింది ఒక్కటే. ఆ తండ్రి బతికుంటే కూతుర్ని చూసి ఏమనేవాడు అని. నాకు జవాబు తెలియలేదు. బాధపడేవాడు, తప్పదు. కానీ ఉడుపి సభలో పండితుల ముందు ఒంటరిగా నిలబడ్డ మనిషికి, పూనా ముందు ఒంటరిగా నిలబడ్డ కూతుర్ని చూస్తే ఎక్కడో తన పోలిక కనబడకపోయేదా?

మొన్న మళ్ళీ కార్తీకమాసం వచ్చింది. మా అమ్మాయి ఈసారీ ఉపవాసం లేదు. కానీ సాయంత్రం వాళ్ళ నానమ్మకి మెట్లెక్కడం కష్టమని దీపాల పళ్ళెం తను పట్టుకుని తులసికోట దాకా తీసుకెళ్ళింది. దీపం మాత్రం నానమ్మే వెలిగించారు. పిల్ల దండం పెట్టలేదు, ఆవిడ పెట్టమనలేదు. గాలికి ఆరిపోకుండా మాత్రం ఇద్దరూ చేతులు అడ్డం పెట్టారు. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూ ఉండిపోయాను.